మాన్యపు హద్దురాళ్లకు ఎస్టాంపేజి సెట్టు: ఏది ఉంచుకోవాలి, ఏది విడిగా కొనాలి

రాతి మీద తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, పైన సిరా అద్ది శాసనం నకలు తీయడాన్ని ఎస్టాంపేజి అంటారు. ఆ సామానంతా ఒక గుడ్డసంచిలో సర్ది ఆన్‌లైన్‌లో సెట్టుగా అమ్ముతున్నారు. సంచిలో కాగితం మీద కొట్టే బిరుసు కుంచె, సర్దడానికి మెత్తని కుంచె, రాయి కడిగే బ్రష్షు, సిరా అద్దే ఉండల్లాంటి డ్యాబర్లు రెండు, మసిపొడి, బంక, నీళ్లు చల్లే సీసా, సిరా పళ్లెం, 20 కాగితాల చుట్ట ఉంటాయి. ఏ శాసనానికైనా సరిపోతుందని అమ్మేవాళ్లు రాసుకున్నారు. గుడి మంటపంలో నునుపు చేసి నిలబెట్టిన నల్లరాతి పలక వరకు ఆ మాట చాలావరకు నిజమే. నల్గొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో, అంటే మెట్టచేలల్లో, దేవుని మాన్యానికి హద్దుగా పాతిన రాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇందులో సగం సామాను అక్కరకు రాదు. ఈ సమీక్ష ఆ హద్దురాళ్ల పని కోసమే.

సామాను సంగతికి ముందు రాయి సంగతి చెప్పాలి, ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది. దానం చేసిందెవరు, ఏ శకవర్షంలో, ఏ గ్రహణం నాడో సంక్రాంతి నాడో, ఏ చెరువు వెనుక ఎన్ని మర్తురుల (మర్తురు పాతకాలపు భూమి కొలత) నీరునేల, ఎంత వెలిపొలం (మెట్టనేల), అది దేవుని అంగరంగభోగాలకా (పూజలు, సేవలకా), అఖండదీపానికా, గుడి జీర్ణోద్ధరణకా అన్నదంతా వివరంగా చెప్పే శాసనం మామూలుగా గుడి దగ్గరే ఉంటుంది. పొలం గెట్టున పాతిన రాయి వేరు. దాని మీద అక్షరాలు తక్కువ, కొన్నిటి మీద అసలే ఉండవు. గుర్తు చూసి తెలుసుకోవాలి. శివాలయపు మాన్యమైతే లింగమో, నందో, త్రిశూలమో చెక్కుతారు. విష్ణ్వాలయానిదైతే శంఖచక్రాలు, లేకుంటే గొడుగు, కమండలం పట్టుకున్న పొట్టి వామనుడు. బలి చక్రవర్తి దగ్గర మూడడుగుల నేల దానం పట్టింది ఆయనే కనుక భూదానపు రాయికి ఆ బొమ్మ తగింది. బసదికి, అంటే జైన గుడికి, ఇచ్చిన నేలకు ముక్కొడ, అంటే ఒకదాని మీద ఒకటిగా మూడు గొడుగులు. కొలనుపాక లాంటి జైన క్షేత్రం ఉన్న ప్రాంతం కనుక ఇక్కడ తిరిగేవాళ్లు ఆ గుర్తును కూడా గుర్తుపట్టగలగాలి. పై అంచున సూర్యచంద్రులుంటే, వాళ్లున్నంత కాలం ఈ దానం నడవాలని అర్థం. ఆవు, దూడ బొమ్మ కూడా తరచు కనిపిస్తుంది.

బొమ్మలు రాతి మట్టం కన్నా పైకి ఉబ్బి ఉంటాయి, కొన్ని అంగుళం దాకా. అక్షరాలు లోపలికి చెక్కి ఉంటాయి, కొన్నిచోట్ల ధాన్యపు గింజ లోతు కూడా ఉండదు. అంటే ఒకే కాగితం ఒకచోట సాగి పైకి లేవాలి, దాని పక్కనే గీతలోకి దిగాలి. పైగా ఇది మన గరుకు గ్రానైట్. నల్గొండ దగ్గరి పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంలో నునుపు తేల్చిన నల్లరాయికీ, పొలంలో వానకు ఎండకు పొరలు రాలిన బూడిదరంగు గ్రానైటుకూ కాగితం ఒక్క తీరుగా లొంగదు. ఆలంపురం వైపు సున్నపురాతి పలకల మీదైతే పని తేలిక. అక్కడివాళ్లు ఈ సెట్టును మెచ్చుకుంటే నేను కాదనను.

అన్నిటికన్నా తక్కువరకం వస్తువు ఇందులోని కాగితమే. చూడటానికి తెల్లగా, బిగువుగా, అందంగా ఉంటుంది. ఆ బిగువే చేటు. మిల్లు కాగితంలో పీచు పొట్టిది, పైగా సిరా పాకకుండా జిగురు పట్టిస్తారు. తడిపితే ముందు నీళ్లు తాగదు, తాగాక ఒక్కసారిగా మెత్తబడి కుంచె దెబ్బకు చిల్లులు పడుతుంది. కావలసింది పొడుగు పీచుతో చేసిన పల్చని చేతి కాగితం. కొనేముందు రెండు పరీక్షలు చేయాలి. వెలుతురుకు పట్టి చూస్తే వెనకున్న వేళ్ల నీడ కనపడాలి. రెండు వేళ్ల వెడల్పు పట్టీ చింపి, నిమిషం నీళ్లలో ఉంచి, రెండు కొసలు పట్టి మెల్లగా లాగితే తెగేముందు కొంచెం సాగాలి. పుటుక్కున తెగితే ఆ కాగితం ఇంకో పనికి వాడుకోవచ్చు, దీనికి వద్దు. సెట్టులోని కాగితం నల్లరాతి పలక మీద కూడా అంతంతమాత్రమే. వామనుడి గొడుగు అంచు మీద వేస్తే మొదటి పది దెబ్బల్లోనే చిరుగుతుంది.

పరిమాణం కూడా సరిపోదు. నేలపైకి నాలుగడుగులు కనిపించే రాయికి, అడుగున్నర వెడల్పు ముఖానికి, రెండడుగుల కాగితాలు కనీసం మూడు అతకాలి. అతుకు దగ్గర రెండంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. అతుకు అక్షరాల వరుస మీద పడకుండా వరుసల మధ్య ఖాళీలో పడేలా ముందే కొలిచి పెట్టుకోండి. సిరా ఆరాక, రాతి మీది నుంచి తీయకముందే, అతుకు మీదుగా పెన్సిలుతో రెండు మూడు అడ్డగీతలు గీస్తే ఇంటికెళ్లాక ఆ గీతలు కలిపి ముక్కలు సరిచేసుకోవచ్చు. చిల్లులు పూడ్చే ముక్కలు కత్తెరతో కోయకండి, చేత్తో చింపండి. చింపిన అంచులో పీచు బయటికొచ్చి కింది కాగితంలో కలిసిపోతుంది. కోసిన అంచు మాత్రం నకలులో నిలువు గీతలా దిగి, అక్షరంలో భాగమా కాదా అన్న అనుమానం మిగులుస్తుంది.

బిరుసు కుంచె మంచిదే. వెంట్రుక దట్టంగా, సమానంగా ఉంది, చెక్క కూడా గట్టిది. రెండు లోపాలున్నాయి. పిడి పొట్టిది కావడంతో రాతి పక్కముఖాల మీద కొట్టేటప్పుడు వేలిమెటికలు గీసుకుపోతాయి. కొత్తలో వెంట్రుకలు రాలుతాయి. కాగితానికీ రాయికీ మధ్య ఇరుక్కున్న ఒక్క వెంట్రుక నకలులో సన్నని గీతగా తేలుతుంది. వాడేముందు అరగంట నీళ్లలో నానబెట్టి, పాత గోనె మీద గట్టిగా ఒక వంద దెబ్బలు కొడితే ఊడేవి అక్కడే ఊడిపోతాయి. పిడికి గుడ్డ చుడితే పట్టు కుదురుతుంది. మెత్తని కుంచె గురించి చెప్పడానికేమీ లేదు, ఏ పెయింటు దుకాణంలోనైనా దొరికేదే.

రాయి కడిగేందుకు ఇచ్చిన బ్రష్షు ఇత్తడి తీగల బ్రష్షు. దీన్ని సంచిలో నుంచి తీసి అవతల పెట్టండి. గరుకు గ్రానైటులో చెక్కడం మిగిలేదే పైపొరలో. తీగ తగిలితే ఆ పొర పలుకులుగా రాలుతుంది, రాలినచోట అక్షరం మళ్లీ రాదు. కొబ్బరిపీచు, నీళ్లు చాలు. పాచి, తెల్లటి బూజుమచ్చ ఉంటే తడిగోనె కప్పి అరగంట నాననిచ్చి వెదురు పుల్లతో మెల్లగా తీయాలి. రానిది వదిలేయాలి. యాసిడ్, సబ్బుపొడి, ఉలి, ఇసుక కాగితం ఏవీ దగ్గరికి రాకూడదు. పాత సున్నం పొరలుగా ఉంటే నానబెడితే కొంత వస్తుంది. ఎనామిల్ రంగు వేసి ఉంటే దాని జోలికి పోకండి, తీసే ప్రయత్నంలో రాయి పాడవుతుంది.

చాలా హద్దురాళ్లకు ఊళ్లో ఇప్పుడు పోచమ్మ అనో, పోతరాజు అనో, హనుమంతుడు అనో పేరుంది. పసుపు, కుంకుమ, నూనె పట్టించి మొక్కుతారు. నూనె ఇంకిన రాతికి తడి కాగితం అంటదు, ఎంత కొట్టినా అంచులు లేస్తూనే ఉంటాయి. అక్కడ నకలు ఆశ మానుకోవడమే సరైన పని. నూనె కడిగేస్తే మొక్కేవాళ్లకు కష్టం కలుగుతుంది. ఆ రాయి ఇన్ని వందల ఏళ్లు విరగకుండా నిలిచింది ఆ మొక్కుల వల్లనే కావచ్చు. ఫొటోలు తీసుకోండి, అవి కూడా పూజ అయ్యాక, అడిగి.

డ్యాబర్ల దగ్గర మళ్లీ డబ్బు వృథా. సెట్టులో ఇచ్చినవి రెండూ ఒకే సైజు, అరచేయంత ఉన్నాయి. లోపల స్పాంజి కుట్టారు. స్పాంజి సిరాను పట్టి ఉంచదు, నొక్కినప్పుడల్లా వదులుతుంది. చదునైన రాతి మీద అది బయటపడదు. గుంటలున్న గ్రానైటు మీద సిరా గుంటల్లోకి జారి, తెల్లగా మిగలాల్సిన అక్షరాన్ని నల్లగా నింపేస్తుంది. నకలులో రాతి మట్టం నల్లగా, అక్షరం తెల్లగా రావాలన్నదే అసలు సూత్రం. ఇంట్లో చేసుకున్న డ్యాబరు దీనికన్నా ఎంతో మేలు. దూదిని గట్టిగా ఉండచుట్టి, పాత ధోవతి గుడ్డ రెండు పొరలు వేసి, ముడతలు లేకుండా వెనక్కి లాగి దారంతో బిగించాలి. ఒకటి మూడంగుళాలది, మట్టానికి. ఇంకొకటి అంగుళంన్నరది, బొమ్మల చుట్టూ, వరుసల మధ్య. ముడత ఉన్న డ్యాబరు నకలు మీద వలలాంటి గీతలు వేస్తుంది, అందుకే బిగించేటప్పుడు తొందరపడొద్దు. గుడ్డ తడిసి సాగాక మళ్లీ బిగించాల్సి వస్తుంది, దారం దగ్గర ఉంచుకోండి.

సిరా. మసిపొడి బాగా సన్నగా ఉంది, నాణ్యతకు వంక పెట్టలేం. కలిపే పద్ధతి అని కాగితం మీద అచ్చేసిన మాటలే తప్పు. పొడిని నీళ్లలో వేసి కలపమన్నారు. దీపపు మసిలో జిడ్డు ఉంటుంది, నీళ్లలో వేస్తే పైన తేలుతుంది, ఎంత తిప్పినా ఉండలు మిగులుతాయి. ఆ ఉండలే డ్యాబరుకు అంటి కాగితం మీద నల్లచుక్కలవుతాయి. బంకను ముందు రాత్రే గోరువెచ్చని నీళ్లలో నానేసి వడగట్టాలి. మసిపొడిలో ఆ బంకనీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తూ రాతి మీద నూరితే ముద్ద అవుతుంది. ముద్ద అయ్యాకే నీళ్లు కలిపి పల్చన చేయాలి. బంక ఎక్కువైతే నకలు మెరుస్తుంది, చుట్ట చుట్టినప్పుడు పొరలుగా పగులుతుంది. తక్కువైతే ఆరాక కూడా వేలికి మసి అంటుతుంది. చెత్తకాగితం మీద ఒక దెబ్బ వేసి, ఆరాక బొటనవేలితో రుద్ది చూస్తే సంగతి తెలిసిపోతుంది. నూరే ఓపిక లేనివాళ్లు దుకాణంలో దొరికే ఇండియన్ ఇంకు వాడుకోవచ్చు, కొంచెం పల్చన చేసుకోవాలి. రెండు ముఖాల రాయికి సగం టీగ్లాసు సిరా సరిపోతుంది. మొత్తం ఒకేసారి పళ్లెంలో పోస్తే ఎండకు చిక్కబడుతుంది, కొద్దికొద్దిగా పోసుకోవాలి.

ఇక పని. సిరాకు ముందు రెండు గంటలు, సిరా అరగంట అనుకోండి. రాయి కడిగాక అది తడిగా ఉన్నప్పుడే కాగితం పరవాలి. కాగితాన్ని ముంచి తీసి, నీళ్లు కారిపోయాక ఇద్దరు చెరో అంచు పట్టుకుని పైనుంచి కిందికి వదలాలి. మెత్తని కుంచెతో నడిమి నుంచి అంచులకు సర్దితే గాలి బయటికి పోతుంది. గాలి బుడగ మిగిలితే అక్కడ కొట్టినప్పుడు కాగితం పగులుతుంది. తర్వాత బిరుసు కుంచెతో కొట్టడం. దెబ్బ నిటారుగా పడాలి, ఏటవాలుగా పడితే కాగితం జారి ముడత పడుతుంది. మొదటి చుట్టు మెల్లగా, రాయికి పట్టేదాకా. రెండో చుట్టు గట్టిగా, అక్షరపు అంచులు వేలికి తెలిసేదాకా. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చుట్టూ కొట్టాలి, మీద కొట్టకూడదు. ఉబ్బు అర అంగుళం దాటిన బొమ్మను కాగితం మీదికి తేవాలని పట్టుబడితే అక్షరాలు కూడా పోతాయి. ఆ భాగాన్ని వదిలి బొమ్మ చుట్టుగీత మటుకు తీసుకోండి. బొమ్మ వివరం ఫొటోలో వస్తుంది.

సిరా ఎప్పుడు పెట్టాలన్నదే దీనిలో కష్టమైన లెక్క. కాగితం మీద నీటి మెరుపు పోవాలి, కానీ చేతి వెనుక భాగంతో తాకితే చల్లదనం తెలియాలి. మెరుపు ఉండగా పెడితే సిరా పాకి అక్షరాలు ఉబ్బుతాయి. పూర్తిగా ఆరనిస్తే కాగితం బిగుసుకుని గుంటల్లోంచి బయటికి లేస్తుంది, అప్పుడు డ్యాబరు తగలకూడని చోట తగులుతుంది. మన దగ్గర మార్చి తర్వాత ఎండలో ఈ రెంటి మధ్య వ్యవధి కొద్ది నిమిషాలే, అది కూడా అంచులకూ నడిమికీ వేరువేరుగా. కార్తీకం నుంచి మాఘం దాకా పొద్దున్నే చేస్తే హాయిగా సాగుతుంది. ఎండాకాలంలో తప్పదంటే పొద్దెక్కకముందే మొదలుపెట్టి, రాతి మీద నీడ పడేలా దుప్పటి కట్టండి. గాలి వీచే వైపు కూడా ఒక అడ్డం కావాలి. సిరా మొదలయ్యాక నీళ్లు చల్లే సీసా ముట్టొద్దు. సెట్టులోని సీసా తుంపర కన్నా చుక్కలే ఎక్కువ వదులుతుంది, ఒక్క చుక్క పడితే అక్కడ సిరా పువ్వులా విచ్చుకుంటుంది.

డ్యాబరును సిరాలో తాటించి, నేరుగా రాతి దగ్గరికి తీసుకుపోకండి. ముందు చెక్క మీదో, రెండో డ్యాబరు మీదో తట్టి సిరా సమం చేయాలి. తట్టడమే, రుద్దడం లేదు. మొదటి చుట్టులో బూడిదరంగు వస్తే చాలు. అది ఆరుతుండగా రెండో చుట్టు వేస్తే నలుపు నిండుతుంది. చిరుగు గుండా సిరా రాతికి అంటితే ఆ నిమిషంలోనే తడిగుడ్డతో తుడవాలి, పని అయ్యాక చూద్దామనుకుంటే గ్రానైటు దాన్ని తాగేస్తుంది. నాలుగు అంచులూ ఆరి తేలిపోతుంటే కాగితం పైమూల నుంచి మెల్లగా తీయాలి. నడిమి తడిగా ఉండగా లాగితే కొట్టి దింపిన లోతంతా చదునైపోతుంది.

పైనదంతా చేశాక కూడా గ్రానైటు ఒక మోసం చేస్తుంది. రాతిలో సహజంగా ఉన్న గుంటలు నకలులో తెల్లని చుక్కలుగా వస్తాయి. పాత లిపిలో సున్న చిన్నది, అక్షరం పక్కన చుక్కలాగే కూర్చుంటుంది. లేని సున్న చేర్చుకుని ఊరి పేరు తప్పు చదవడానికి ఇదే పెద్ద కారణం. అందుకే నకలు పక్కన ఏటవాలు వెలుతురు ఫొటోలు తప్పనిసరి. సాయంత్రం చీకటి పడ్డాక రాతికి దాదాపు ఆనించినట్టు టార్చి పట్టి, ఎడమ, కుడి, పైన, కింద నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫొటో తీయండి. ఫోను కదలకూడదు, టార్చి మటుకే కదలాలి. ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి పోలిస్తే ఉలి చెక్కిన గీత ఒకే పోకడగా కనిపిస్తుంది, గుంట మాత్రం ఒక్కో వెలుతురుకు ఒక్కో ఆకారం చూపుతుంది. పగలైతే అద్దంతో ఎండను పక్కనుంచి రాతి మీదికి తిప్పినా పని జరుగుతుంది. బొమ్మలున్న రాళ్లకు ఫోను ఫొటోలను కలిపి త్రీడీ రూపం తయారుచేసే యాప్‌లు ఎస్టాంపేజి కన్నా మేలు. రాయి చుట్టూ తిరుగుతూ, ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోది సగం పైగా కనిపించేలా, మబ్బు వెలుతురులో తీస్తే చాలు. చాక్‌పీసుతో అక్షరాలు దిద్దడం, పిండి చల్లడం ఇప్పటికీ కొందరు చేస్తున్నారు, దయచేసి మానండి. దిద్దినవాడు ఊహించిన అక్షరమే ఆ తర్వాత ఫొటో చూసిన అందరికీ కనిపిస్తుంది.

చదివేటప్పుడు భాష విషయంలో పట్టుదల వద్దు. కల్యాణి చాళుక్యుల కాలంలో ఈ ప్రాంతంలో కన్నడ శాసనాలు చాలా వేశారు, అప్పటి లిపి తెలుగు, కన్నడాలు రెంటికీ దాదాపు ఒకటే. తెలుగుగా చదవాలని లాగితే వాక్యం కుదరదు. శకవర్షం అంకెలు అరిగి ఉంటే పక్కన సంవత్సరం పేరు దొరుకుతుందేమో చూడండి. శకానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, సంవత్సరం చివరి నెలల్లోనైతే 79. శక 1130 అంటే 1208, అది విభవ నామ సంవత్సరం. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం ఆ ఏటిదే. అంకె చదువు, సంవత్సరం పేరు కలవకపోతే రెంటిలో ఒకటి తప్పు చదివినట్టే, మళ్లీ నకలు దగ్గరికి వెళ్లాలి.

సెట్టులో అసలే లేనివి కొన్నున్నాయి, హద్దురాయికి అవే ముఖ్యం. దిక్సూచి లేదు, కొలత టేపు లేదు, ఫొటోలో పెట్టే స్కేలు లేదు, వివరాలు రాసుకునే పత్రం లేదు. గుడి ముందు శాసనానికి అక్షరమే సగం కన్నా ఎక్కువ విషయం. హద్దురాయికి అది నిలబడ్డ జాగే సగం విషయం. బొమ్మ ఏ దిక్కు చూస్తోంది, రాయి ఏ సర్వే నంబరు గెట్టున ఉంది, దగ్గర చెరువుకట్ట ఎంత దూరం, గుండ్లు, పాత దారి ఎటున్నాయి, ఇవన్నీ రాయాలి. దానశాసనాలు ఎల్లలు చెప్పేటప్పుడు దిక్కుల వరుసన చుట్టూ తిరుగుతాయి. ఆనవాళ్లుగా చెరువు, పుట్ట, చింతచెట్టు, గుండు, దారి చెబుతాయి. చెట్లు పోయినా గుండ్లు, చెరువులు చాలావరకు అక్కడే ఉన్నాయి. గ్రామ నక్ష (ఊరి పటం), టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) పక్కన పెట్టుకుని, 'దేవుని చెల్క' లాంటి పొలం పేర్లు ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాసుకుంటే, ఒక్క రాయి ఆధారంగా మిగతా మూడు మూలలు ఎక్కడుండాలో అంచనా దొరుకుతుంది.

రాయి మొదటి జాగలోనే ఉందా అన్నది ముందు తేల్చుకోండి. పాతే భాగాన్ని శిల్పి నునుపు చేయడు, మొద్దుగా వదిలేస్తాడు. ఆ మొద్దు భాగం బయటికి కనిపిస్తున్నా, బొమ్మ తలకిందులుగా ఉన్నా, కల్వర్టుకో బావి మెట్టుకో వాడి ఉన్నా ఎవరో కదిలించారనే అర్థం. చెల్క సాపు చేసేటప్పుడు జేసీబీతో పీకి గెట్టు మీద పడేసినవి ఎన్నో. అలాంటి రాయి కనిపిస్తే, ఎక్కడి నుంచి తీశారో ఆ రైతును అడిగి వెంటనే రాసుకోండి. ఇంకో తరం గడిస్తే ఆ సంగతి చెప్పేవాళ్లుండరు. అక్షరాలు నేలలోకి కొనసాగుతున్నట్టున్నా తవ్వొద్దు. తవ్విన గుంత చూస్తే నిధి కోసమని పుకారు పుడుతుంది, ఆ రాత్రికి ఇంకెవరో వచ్చి రాయినే పగలగొడతారు.

పొలంవాళ్లతో మాటే మొదటి పని. "పటేలా, మీ పొలంల రాయి మీద రాత ఉందట, కాగితం మీద అచ్చు తీస్కుంటం, రాయిని కదపం" అని ముందే చెప్పాలి. వాళ్ల భయం ఒకటే: గుడి మాన్యమని తేలితే దేవాదాయ శాఖ వచ్చి భూమి తీసుకుంటుందేమోనని. రాయి మీది రాత ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి దానం సంగతి, ఇప్పటి హక్కు రెవెన్యూ రికార్డుల మీద నడుస్తుంది అని నిదానంగా వివరించండి. అయినా వద్దంటే తిరిగి వచ్చేయండి. బలవంతంగా తీసిన నకలు వల్ల రాయికి ముప్పు. సర్పంచికీ, ఒక పెద్దమనిషికీ ముందు చెప్పి వెళ్తే అనుమానాలు రావు. పురావస్తు శాఖ రక్షిత స్థలాల్లో మాత్రం రాతపూర్వక అనుమతి లేకుండా కాగితం పరవకూడదు. తెలంగాణ వారసత్వ చట్టం 2017లో వచ్చింది, కేంద్ర చట్టం 1958 నుంచీ ఉంది. రాయిని ఏ కారణంతోనైనా ఇంటికి తీసుకుపోవద్దు. నూరేళ్లు దాటిన శిల్పం, శాసనం పురావస్తువు కింద లెక్క, 1972 చట్టం దానికి వర్తిస్తుంది.

కొనాలా అంటే, మొత్తం సెట్టు వద్దు. బిరుసు కుంచె, మసిపొడి విడిగా దొరికితే అవి రెండే తీసుకోండి, సెట్టు ధరలో చిన్న భాగమే అవుతుంది. మిగిలిన డబ్బు మంచి చేతి కాగితానికి పెట్టండి. డ్యాబర్లు ఇంట్లో చేసుకోండి. దిక్సూచి, ఐదు మీటర్ల టేపు, నల్లతెలుపు స్కేలు, మెత్తని పెన్సిళ్లు, గోనె, దుప్పటి, 20 లీటర్ల నీళ్ల డబ్బా చేర్చుకుంటే ఒక రాయికి సంచి సిద్ధం. కళాశాల పిల్లలకు నేర్పడానికి, సున్నపురాతి పలకల మీద అభ్యాసానికి మాత్రం సెట్టు ఉన్నదున్నట్టే చాలు, ఒక్క తీగబ్రష్షు తీసేసి.

ప్రతి ముఖానికీ రెండు నకళ్లు తీయండి. ఒకటి మీ దగ్గర, ఒకటి హైదరాబాదులోని రాష్ట్ర వారసత్వ శాఖకో, మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికో. పంపేముందు జిల్లా శాసన సంపుటాలు తిరగేస్తే ఆ రాయి ముందే చదివినదా తెలుస్తుంది. ముందే అచ్చయి ఉన్నా మీ నకలు వృథా కాదు, అప్పటికీ ఇప్పటికీ ఎన్ని అక్షరాలు రాలాయో పోల్చుకోవచ్చు. నకలు వెనుక ఊరు, మండలం, సర్వే నంబరు, ముఖం ఏ దిక్కు, తేదీ, పైకొస వైపు బాణం గుర్తు పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా తడి తగిలితే పాకుతుంది. నీడలో ఆరబెట్టి, మడతపెట్టకుండా గొట్టం చుట్టూ చుట్టండి, మడతపడినచోట వరుస చదవడం కష్టమవుతుంది. ఇంటికొచ్చిన రోజే కుంచెనూ డ్యాబరు గుడ్డనూ గోరువెచ్చని నీళ్లలో బంక పూర్తిగా పోయేదాకా కడిగి, కుంచెను తలకిందులుగా వేలాడదీయండి. బంక ఆరి గట్టిపడ్డ కుంచె తర్వాతి రాతి మీద మొదటి దెబ్బకే కాగితం చింపుతుంది.